అమ్ముకున్న తాత తుపాకిని మళ్లీ ఇంటికి తెచ్చుకునుడు ఎట్ల

దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి, మిర్యాలగూడ దిక్కు పాత ఇండ్లల్ల ఇప్పటికీ అక్కడక్కడ 12 బోర్ సైజు డబల్ బారల్, అంటే రెండు గొట్టాల తుపాకులు ఉన్నయి, నిజాం కాలంల తాతలు కొన్నయి, ఇంగ్లండ్‌వో బెల్జియంవో. 1946 నుంచి 51 దాక సాయుధ పోరాటం నడిచినప్పుడు కొన్ని చేతులు మారినయి, 80లల్ల 90లల్ల అన్నలొచ్చి ఎత్తుకపోతరన్న భయానికి కొన్ని ఏండ్లకేండ్లు పోలీస్ స్టేషన్ మూలకు పడి తుప్పు పట్టినయి, గవన్నీ తట్టుకోని మిగిలినయి ఇప్పుడు సప్పుడు లేకుంట అమ్ముడుపోతున్నయి. ఎందుకంటే 1972ల వన్యప్రాణి చట్టం వచ్చినంక వేట బంద్, ఎలక్షన్ వచ్చినప్పుడల్లా స్టేషన్ల జమ చెయ్యాలె, రెన్యువల్‌కి ఆఫీసుల చుట్టు తిరగాలె, కొడుకులేమో హైదరాబాద్‌లనో డాలస్‌లనో ఉండి "ఎందుకే బాపూ ఇంట్ల ఈ లొల్లి, అమ్మెయ్ రాదు" అంటరు. బాపు అమ్మేస్తడు. తర్వాత దసరా వస్తది, ఆయుధపూజకు కత్తులు కొడవండ్లు ట్రాక్టర్ అన్నిటికీ బొట్టు పెడ్తరు, ఇగ అప్పటిసంది ముసలాయన సరిగ తినడు, ఎవ్వరితోని మాట్లాడడు.

గసొంటి ఇంటోళ్ల కోసం ఇది రాస్తున్న. నేను కలెక్టరాఫీసు చుట్టు అర్జీలు రాసే పనిల ఉంట కాబట్టి ఇసొంటి కేసులు నా దగ్గరికి వస్తనే ఉంటయి, మా మేనమామది కూడ అట్లనే వచ్చింది, ఆయన సంగతి మధ్యల చెప్త. ఇదంత లైసెన్సు మీద ఎక్కిన మామూలు 12 బోర్, .32 రివాల్వర్, .315 రైఫిల్ అసొంటి వాటి గురించే. ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి ఇయ్యని రకం అయితే కేంద్ర హోం శాఖ చేతుల ఉంటది, ఆ కథ వేరే. లైసెన్సే లేని పాత బర్మార్ తుపాకి, అంటే మూతికెల్లి మందు కూరేది, అటక మీద ఉన్నోళ్లు అయితే ఇది చదువుడు ఆపి ముందు మంచి వకీలును పట్టుకోని స్టేషన్ల అప్పజెప్పే పని చూడున్రి. "పాతది గదా, పురాతన వస్తువు కింద వస్తది, లైసెన్సు అక్కరలేదు" అని ఎవరన్న చెప్తే నమ్మొద్దు, చట్టంల ఆ మినహాయింపు రిపేరు చేసినా చెయ్యకున్నా పేలనే పేలని వాటికే ఉన్నది, మీ బర్మార్‌ల మందు పోస్తే పేలుతది.

ఇంకా అమ్మనోళ్లు ముందు ఇది చదవున్రి

అమ్మినంక ఏడ్చేకన్న ముందే రెండు పనులు చేసుకుంటే సగం కథ ఉండనే ఉండదు. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం మీ సొంత తుపాకి ఇంకో లైసెన్సు ఉన్నాయనకు అమ్మాలంటే ముందుగాల జిల్లా మెజిస్ట్రేట్‌కి, అంటే మన కలెక్టర్‌కి, లేకుంటే దగ్గరి స్టేషన్ ఆఫీసర్‌కి కొనేటాయన వివరాలతోని రాసియ్యాలె, రాసిచ్చినంక 45 రోజులు దాటాలె, అప్పుడే చేతులు మారాలె. ఈ 45 రోజులు అందరికీ తలనొప్పి లెక్క కొడ్తది గాని నన్నడిగితే చట్టంల ఇంతకన్న మంచి మాట లేదు. ఆ గడువుల ఇంట్ల అందరికీ ఫోన్ చెయ్యున్రి, ఆడబిడ్డలకు, అల్లుండ్లకు, ఊర్ల వ్యవసాయం చేసుకునే చిన్న తమ్మునికి. మస్తు ఇండ్లల్ల అమ్మినంకనే తెలుస్తది, ఫలానా తమ్ముడు నాకియ్యకపోయిన్రా అన్నడని.

ఎందుకంటే ఇయ్యొచ్చు. చానమందికి తెల్వనిది ఇదే. లైసెన్సుదారు చచ్చిపోతేనే వారసులకు పోతది అనుకుంటరు, కాదు. 2016 ఆయుధాల రూల్స్‌ల రూల్ 25 ఉన్నది, లైసెన్సుదారుకు 70 ఏండ్లు నిండినా, లేకుంటే తుపాకి ఆయన దగ్గర 25 ఏండ్లు ఉన్నా, ఏది ముందైతే అప్పుడు, ఆయన బతికుండంగనే వారసుని పేరు మీదికి లైసెన్సు అడగొచ్చు. వారసునికి 21 ఏండ్లు నిండి ఉండాలె, కేసులుండొద్దు, ఆయుధం వాడుడు మీద ట్రెయినింగ్ సర్టిఫికెట్ ఉండాలె, పోలీసు రిపోర్టు మంచిగ రావాలె. తిరుగుడు ఉంటది, కాదనను, గాని అడ్డికి పావుసేరుకు అమ్ముకోని తర్వాత తిరిగే తిరుగుడు కన్న తక్కువే.

ఇంకోటి, పైసలు అవసరం పడ్డయని తుపాకిని ఎవరి దగ్గరన్న కుదువ పెట్టుడు చెయ్యొద్దు. "దోస్తే గదా, రెండు నెలలు వాని ఇంట్ల ఉంటది, పైసలిచ్చి తెచ్చుకుంట" అంటరు. చట్టం లెక్కల బదులిచ్చుడు, కిరాయికిచ్చుడు, చేతులకెల్లి విడిచిపెట్టుడు, అన్నీ ట్రాన్స్‌ఫరే. పర్మిషన్ లేకుంట ఇస్తే ఇచ్చినోడు తీసుకున్నోడు ఇద్దరూ ఇరుక్కుంటరు.

అమ్ముడే ఖాయమైతే, తుపాకికి పగటి వెలుతుర్ల మంచిగ ఫోటోలు తియ్యున్రి, ముఖ్యంగ నంబర్లు, బారల్ కిందికెల్లి ఉన్న ముద్రలు, కట్టె మీద ఏవన్న గీతలో అతుకులో ఉంటే అవి. లైసెన్సు బుక్కు ప్రతి పేజీ జిరాక్స్ తీసి పెట్టుకోవాలె. అమ్మకం రసీదుల ఒక లైన్ రాయించుకోవాలె, "మళ్లీ అమ్మదలిస్తే మొదలు అమ్మినాయనకే చెప్పాలె" అని. ఇది కోర్టుల ఎంతవరకు నిలవడ్తది అన్నది పక్కన పెట్టున్రి, మన దిక్కు కాయితం మీద రాసిన మాటకు ఇంకా కొంచెం సిగ్గుపడే మనుషులు ఉన్నరు.

అన్నిటికన్న పెద్దది, తుపాకి అమ్మున్రి గాని లైసెన్సు సరెండర్ చెయ్యకున్రి. కలెక్టరాఫీసుల ఆయుధాల సెక్షన్ చూసే క్లర్కు "తుపాకి లేదు గదా, ఇంకెందుకు బుక్కు, ఇచ్చెయ్యున్రి" అని అలవాటుగ అంటడు, మనం కూడ పీడ పోయింది అని ఇచ్చేస్తం. ఇచ్చిన్రంటే అయిపోయింది. తుపాకి మీద రంధి పుట్టిన నాడు మళ్లీ ఒకటో మెట్టు కాడికెల్లి మొదలు పెట్టాలె. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ చుట్టుపక్కలోళ్లకైతే ఇంకా కష్టం, వన్యప్రాణి చట్టం సెక్షన్ 34 ప్రకారం అభయారణ్యం నుంచి 10 కిలోమీటర్ల లోపల కొత్త ఆయుధ లైసెన్సు ఇయ్యాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగాల ఒప్పుకోవాలె. అచ్చంపేట దాటినంక ఉన్న ఊర్లోళ్లు, దేవరకొండ అవతల చందంపేట దిక్కోళ్లు ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలె, చేతుల ఉన్న పాత లైసెన్సు విలువ మీకు వేరే ఎవ్వరికన్న ఎక్కువ.

అమ్మేసిన్రు, ఇప్పుడు మనసున పడ్తలేదు

కొన్నాయన ఇంటికి ఉరకొద్దు. ముందు మీ కాయితాలు చూసుకోవాలె. లైసెన్సు బుక్కు ఉన్నదా, గడువు ఎప్పటిదాక ఉన్నది, యూఐఎన్ నంబర్ వచ్చిందా. ఆయుధాల చట్టానికి 2019ల చేసిన సవరణ తర్వాత లైసెన్సు గడువు 3 ఏండ్ల నుంచి 5 ఏండ్లు అయింది, కాబట్టి "మొన్ననే గదా చేయించినం" అనుకుంట చానామంది డేట్ మర్చిపోతున్నరు. యూఐఎన్ అంటే జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్‌ల మీ లైసెన్సుకు పడే నంబర్, అది లేకుంటే బుక్కు మీద ఎన్ని సంతకాలున్నా చెల్లదు. లైసెన్సు ఉండి తుపాకి లేకుంట ఖాళీగ ఉంటే, కొనుక్కునేందుకు లైసెన్సు మీద ఒక గడువు రాస్తరు, అది దాటిందా అని చూడున్రి, దాటితే కొన్నాయనతోని మాట్లాడేకన్న ముందే పొడిగింపుకు అర్జీ పెట్టాలె.

ఇంకో లెక్క కూడ ఉన్నది. 2019 సవరణల ఒక్క మనిషికి 3 తుపాకులు ఉండేది 2కు తగ్గించిన్రు, వారసత్వంగ వచ్చినయి కూడ ఆ రెండిట్లనే. ఒకాయన తాత తుపాకి అమ్మి ఆ బాధల ఒక రివాల్వర్ కొన్నడు, అది మనసుకు ఎక్కక ఇంకోటి కొన్నడు, ఇప్పుడు తాతది దొరికింది, పెట్టుకునేందుకు బుక్కుల జాగ లేదు. అటువంటప్పుడు ఉన్నదాంట్ల ఒకటి తీసేసే పని ముందుగాల మొదలు పెట్టాలె, దానికి మళ్లీ గదే 45 రోజులు.

లైసెన్సు సరెండర్ చేసేసినోళ్లు అయితే కొత్త అప్లికేషన్ ఆన్‌లైన్ల పెట్టాలె, ట్రెయినింగ్ సర్టిఫికెట్, డాక్టర్ సర్టిఫికెట్, తుపాకి భద్రంగ పెట్టుకుంట అన్న అండర్‌టేకింగ్, ఇవన్నీ జతపర్చాలె. రూల్స్ ప్రకారం పోలీసు రిపోర్టు 30 రోజుల్ల రావాలె. రూల్ అయితే అది. స్టేషన్‌కెల్లి సీఐ, డీఎస్పీ, ఎస్పీ ఆఫీసు దాక ఫైలు ఎక్కి దిగుతది, నడుమ ఎక్కడ ఆగిందో కనుక్కుంట ఉండాలె. "ఎందుకు కావాలె" అన్న కాడ "మా తాత తుపాకి మీద ప్రేమ" అని రాయకున్రి, ఆ గడి ప్రాణ రక్షణ, పంట రక్షణ అసొంటి కారణాల కోసం. నిజంగ ఉన్న కారణం రాయున్రి, అడవి అంచున చేను ఉంటే పాస్‌బుక్ జతపర్చున్రి, లేనిది పుట్టియ్యొద్దు, ఎంక్వైరీకి వచ్చే ఎస్సైకి మీ ఊరు మీకన్న బాగ తెలుసు.

తుపాకి ఎక్కడున్నదో ఎతుకుడు

నేరుగ మనిషికే అమ్మితే ఎతికేది లేదు, ఆయన ఎవరో మీకు ఎరుకే. డీలర్‌కి అమ్మితేనే చిక్కు. హైదరాబాద్‌ల ఆబిడ్స్ దిక్కు దుకాణాలల్ల వేస్తే అక్కడికెల్లి ఎటన్న పోవచ్చు. గాని తుపాకి అంటే సెకండ్ హ్యాండ్ ఫోన్ లెక్క మాయమయ్యే వస్తువు కాదు, ప్రతి డీలర్ రిజిస్టర్ల వచ్చినప్పుడు ఎక్కాలె, పోయినప్పుడు ఎక్కాలె, కొన్నాయన లైసెన్సుతోని సహా. మీరు అడగాల్సింది "ఎవరికి అమ్మినవ్" అని కాదు, అట్లడిగితే చెప్పడు, చెప్పుడు కూడ తప్పే. "నా నంబర్ ఇస్త, కొన్నాయనకు ఒక్క ఫోన్ చేసి నా మాట చెప్పు, ఆయనకు ఇష్టమైతే నాకు చేస్తడు" అనాలె, తుపాకి నంబర్, కంపెనీ పేరు, అమ్మిన తారీకు ఒక చిట్టీ మీద రాసియ్యాలె. డీలర్‌కు కూడ దీంట్ల లాభం ఉంటది, చేతులు మారినప్పుడల్ల ఆయన కమిషన్ ఆయనకు వస్తది, కాబట్టి మర్యాదగ అడిగితే చేస్తడు.

సమాచార హక్కు కింద దరఖాస్తు పెడ్తం అంటరు కొందరు. పెట్టొచ్చు గాని ఇంకో మనిషి లైసెన్సు వివరాలు వ్యక్తిగత సమాచారం కింద ఇయ్యరు, పైంగ సెక్షన్ల మీ పేరు చెడగొట్టుకుంటరు. ఆ తొవ్వ వద్దు.

ఒకవేళ తుపాకి ఇంకా దుకాణంలనే ఉన్నది అంటే అదృష్టమే, వెంటనే కొంత అడ్వాన్స్ కట్టి రసీదు తీసుకోని "పర్మిషన్ వచ్చేదాక ఎవ్వరికియ్యకు" అని రాయించుకోవాలె. ఆలస్యం చేస్తే పోతది, ముఖ్యంగ విదేశీది అయితే, ఎందుకంటే 80లల్ల మామూలు జనం బయటి దేశాలకెల్లి తుపాకులు తెప్పించుకునుడు బందైంది, అప్పటిసంది దేశంల ఉన్నయే తిరుగుతున్నయి. మీరు "పాత సామాను" అని ఇచ్చేసిన ఇంగ్లండ్ వెబ్లీ స్కాట్ తుపాకి మీద ఎంతమంది కన్నేసి ఉన్నరో మీకు తెల్వదు.

కొన్నాయనతోని మాట్లాడుడు

ఇగ ఇదే అసలు పని, చట్టం పుస్తకంల ఇది ఉండదు.

మా మామది దేవరకొండ దగ్గర ఊరు. బిడ్డ పెండ్లికి పైసలు తక్కువ పడి వాళ్ల బాపు తుపాకి అమ్మిండు, ఇంగ్లండ్ డబల్ బారల్, పైన రెండు హ్యామర్లు ఉండే పాత మోడల్. డీలర్ చేతుల మీదుగ అది మిర్యాలగూడల ఒక రైస్ మిల్లు సేటు దగ్గరికి పోయింది. మామ ఏం చేసిండంటే మొదలు పోయినప్పుడు తుపాకి ముచ్చటే తియ్యలే. "సేటూ, ఊకెనే వచ్చిన, ఒక్కసారి చూసి పోత" అన్నడంట. సేటు నవ్వి "చూడు పటేలా, నీ ఇంటిదే గదా" అని తీసి చేతుల పెట్టిండు. మామ తెరిచి చూసిండు, తుడిచిండు, మళ్లీ ఇచ్చేసిండు, చాయ్ తాగి వచ్చిండు. మా అత్త అయితే ఇంటికొచ్చినంక మస్తు తిట్టింది, ఆ చాయ్ తాగుడుకు అంత దూరం పోవాల్నా అని.

గాని మామ చేసిందే కరెక్ట్. ఎగబడి పోయి "ఎంతకన్న సరే ఇయ్యు" అంటే ఎదుటాయనకు తుపాకి కనవడదు, మీ గుండె కనవడ్తది, దానికి రేటు కడ్తడు. అట్లని మనసుల ఉన్నది దాచిపెట్టి "ఊకె అడుగుతున్న, నాకేం అంత అవసరం లేదు" అని యాక్టింగ్ చేసినా పని కాదు, ఆయన వ్యాపారి, మనకన్న ఎక్కువ యాక్టింగ్ చూసిండు. మీ బాపు తుపాకి అని చెప్పున్రి, కావాలని ఉన్నది అని చెప్పున్రి, గాని ఎంతవరకు పెట్టగల్గుతరో ఇంటికాడనే ఖాయం చేసుకోని పోవాలె, అక్కడ కూసోని లెక్కలెయ్యొద్దు.

ఇంకా ముఖ్యమైంది, ఆయన ఎందుకు పెట్టుకున్నడో తెలుసుకోవాలె. ఒకాయన షోకుకు, ఒకాయన ఊర్ల పేరుకు, ఒకాయన నిజంగనే భయానికి. సేటు విషయంల తర్వాత ముచ్చట్లల్ల తేలింది ఏందంటే, "నాకు ఇంగ్లండ్‌దైతేంది ఏదైతేంది పటేలా, సీజన్ల ధాన్యం పైసలు రాత్రి ఇంట్ల ఉంటయి, ఏదో ఒకటి ఉండాలె గదా." అంటే ఆయనకు కావాల్సింది తుపాకి, ఆ తుపాకే కాదు. మామ ఏమన్నడంటే, "సేటూ, నీకు కొత్తది మన దేశం 12 బోర్ నేను ఇప్పిస్త, దుకాణంల నువ్వే నీకు నచ్చింది చూసుకో, దీన్ని నాకియ్యి" అన్నడు. సేటుకు ఇది నచ్చింది, పాత హ్యామర్ తుపాకి కన్న కొత్తది ఆయనకు వాడుకునేందుకు సులువు, మామ మీద పైకెల్లి పడ్డ ఖర్చు కూడ సేటు మొదలు నోట్ల అనుకున్న రేటు కన్న తక్కువనే అయింది. కాకపోతే కొత్తది సేటు లైసెన్సు మీద సేటే కొనాలె, బిల్లు ఆయన పేరు మీదనే ఉండాలె, మామ పైసలు మాత్రమే పెట్టిండు, అది కూడ బ్యాంకు నుంచి. ఒకరి పేరు మీద కొని ఇంకొకరికి ఇచ్చుడు చేసిన్రంటే మంచికి పోయి కేసుల పడ్తరు.

ఎంత అడిగినా ఇయ్యనంటే లొల్లి పెట్టొద్దు. అమ్మింది మీరు, కొన్నది ఆయన, ఆయన తప్పేం లేదు. నంబర్ ఇచ్చి రావాలె, దసరాకు ఫోన్ చెయ్యాలె, ఆయన రెన్యువల్ ఎప్పుడో తెలుసుకోవాలె, ఎందుకంటే చానమందికి తుపాకి మీద ప్రేమ రెన్యువల్ కాడనే తగ్గుతది. ఆయన పిల్లలతోని కూడ పరిచయం పెట్టుకోవాలె, మీ ఇంట్ల జరిగిన ముచ్చటే రేపు ఆయన ఇంట్ల కూడ జరుగుతది.

తీసుకునే ముందు చూసుకునుడు

మీ తుపాకే అని చూడకుంట తీసుకోవద్దు, కొన్ని ఏండ్లు వేరే చేతులల్ల ఉన్నది. చేతికి రాంగనే మొదటి పని లీవర్ తిప్పి తెరిచి రెండు గదులూ ఖాళీగ ఉన్నయా చూడాలె, "ఖాళీదే" అని ఎవరు చెప్పినా సరే. తర్వాత బారల్స్ కింద ఉండే ముందు కట్టె ఊడదీసి, బారల్స్ వేరు చేసి, వెలుతురు దిక్కు పట్టి లోపలికెల్లి చూడాలె, అద్దం లెక్క రింగులు రింగులుగ కనవడాలె, నల్లటి చుక్కలు ఉంటే అవి తుప్పు తిన్న గుంటలు. బయటికెల్లి వేళ్లతోని తడిమితే సొట్టలు తెలుస్తయి. మళ్లీ జోడించి, మూసి, బారల్స్‌ను అటిటు కదపాలె, లొడలొడ ఆడితే లాకింగ్ అరిగినట్టు, అది రిపేరు చెయ్యకుంట పేల్చొద్దు. కట్టె మెడ కాడ, అంటే పిడికిలి పట్టే జాగల, సన్న పగులు ఉంటదేమో గోరుతోని గీకి చూడున్రి, ఎలక్షన్ టైమ్‌ల స్టేషన్ల ఒకదాని మీద ఒకటి పడేస్తే అక్కడనే పగులుతయి.

నంబర్ బారల్స్ మీద, యాక్షన్ (తెరిచి మూసే నడుమ ఇనుము) మీద, ముందు కట్టె ఇనుము మీద, మూడు తావుల ఒక్కటే ఉన్నదా, మీ పాత ఫోటోలతోని, బుక్కుతోని కలుస్తున్నదా చూసుకోవాలె. ఒక్క అంకె తేడా ఉన్నా అక్కడనే ఆగున్రి, సెక్షన్ల తప్పు ఎక్కిందో, బారల్సే మార్చిన్రో తేలాలె. నంబర్ అరిగింది అని మళ్లీ కొట్టియ్యుడు, రుద్దుడు ఎప్పుడూ చెయ్యొద్దు, చట్టం సెక్షన్ 8ల దానికి వేరే నేరమే ఉన్నది.

పాత ఇంగ్లండ్ తుపాకుల సంగతి ఒకటి చెప్పాలె. మస్తు పాతవాటికి తూటా గది రెండున్నర ఇంచులే ఉంటది, ఇప్పుడు ఎక్కువగ దొరికే తూటాలు రెండుముప్పావు ఇంచులయి. పెట్టంగ లోపలికి పోతది, అదే మోసం, ఎందుకంటే తూటా మడిచిన మూతి పేలినప్పుడే విచ్చుకుంటది, అప్పుడు జాగ చాలక లోపల ఒత్తిడి పెరుగుతది. బారల్ మీద పాము చర్మం లెక్క డిజైన్ కనవడ్తే అది డమాస్కస్ బారల్, పాత నల్ల తుపాకిమందు కాలంది, కింద నైట్రో ప్రూఫ్ ముద్ర, అంటే ఇప్పటి మందుకు తట్టుకుంటదని పరీక్ష చేసిన గుర్తు, లేకుంటే దాంట్ల ఇప్పటి తూటా పెట్టనే వద్దు. మామది డమాస్కసే. ఆయన పేల్చడు, చూసుకుంటడు అంతే.

కాయితాలు, తెచ్చుకునుడు

అమ్మినప్పుడు నడిచిన కథే ఇప్పుడు తిరగేసి నడుస్తది. ఇప్పుడు అమ్మేటాయన సేటు కాబట్టి సమాచారం ఆయన ఇయ్యాలె, 45 రోజులు ఆయనవి దాటాలె. ఇద్దరిదీ వేరే వేరే జిల్లాలు అయితే రెండు తావుల పని ఉంటది, మీ జిల్లాకెల్లి ఎన్‌ఓసీ పోవాలె, వాళ్ల జిల్లాకెల్లి పర్మిషన్ రావాలె. 2016ల జిల్లాలు విడగొట్టినంక ఇది ఇంకో తలనొప్పి అయింది, పాత బుక్కు నల్గొండ కలెక్టర్‌దో మహబూబ్‌నగర్ కలెక్టర్‌దో ఉంటది, మీ ఊరేమో ఇప్పుడు సూర్యాపేటలనో నాగర్‌కర్నూల్లనో వనపర్తిలనో ఉన్నది, ఫైలు ఎక్కడున్నదో ముందుగాల కనుక్కోని పోవాలె. కమిషనరేట్ ఉన్న తావున అయితే లైసెన్సు సంగతి పోలీస్ కమిషనర్ చూస్తడు, కలెక్టరాఫీసుల నిలవడి లాభం లేదు.

అర్జీ సక్కగ రాయున్రి. చానామంది నా దగ్గరికి వచ్చి కథంత రాయమంటరు, తాత, నిజాం, గడీ, పోరాటం అని. సెక్షన్ల చదివేటాయనకు కావాల్సింది రెండు లైసెన్సుల నంబర్లు, యూఐఎన్‌లు, తుపాకి రకం, బోర్, కంపెనీ, నంబర్, ఎవరు అమ్ముతున్నరు ఎవరు కొంటున్నరు, గంతే. అది ఒక పేజీల అయిపోవాలె. అప్పజెప్పినంక ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోని మీ కాపీ మీద ముద్ర కొట్టియ్యున్రి.

పర్మిషన్ వచ్చినంక పైసలు చెక్కో ఆన్‌లైనో ఇయ్యాలె, రసీదుల నంబర్ రాయించాలె. తెచ్చేటప్పుడు తుపాకి ఖాళీ చేసి, రెండు ముక్కలు చేసి, కేసుల పెట్టి, తూటాలుంటే వేరే సంచిల, లైసెన్సు, పర్మిషన్ అసలు కాయితాలు జేబుల పెట్టుకోవాలె. సొంత బండిల పోవాలె, నడుమ ధాబా కాడ ఆగి దోస్తులకు చూపిచ్చుడు, ఫోటోలు దిగి స్టేటస్ పెట్టుడు వద్దు. బుక్కు మీద ఏరియా ఎంతవరకు రాసి ఉన్నదో కూడ చూసుకోవాలె, జిల్లా వరకే అని ఉంటే బయటి జిల్లాకెల్లి తెచ్చేందుకు వేరే పర్మిషన్ అడగాలె.

మరునాడే లైసెన్సింగ్ ఆఫీసుల, స్టేషన్ల చూపించి ఎంట్రీ వేయించుకోవాలె. ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది, సేటు బుక్కుల తీసేసినట్టు, మీ బుక్కుల ఎక్కినట్టు రెండూ కావాలె, ఆన్‌లైన్ రికార్డుల కూడ. ఒకటే అయి ఇంకోటి ఆగితే ఒక్క నంబర్ ఇద్దరి పేరు మీద ఉంటది, ఎలక్షన్ల జమ చెయ్యమని సేటుకు నోటీసు పోతది, ఆయన దగ్గర తుపాకి ఉండదు, అప్పుడు ఆయనకు మీమీద వచ్చే కోపం మామూలుగ ఉండదు.

ఇంటికొచ్చినంక

లెదర్ కేసు అందంగ ఉంటది గాని ఏండ్లకేండ్లు దాంట్లనే పెట్టొద్దు, లెదర్ చెమ్మ గుంజి ఇనుముకు ఇస్తది. సన్న మిషన్ ఆయిల్ చాలు, గుడ్డతోని పల్చగ రాయాలె, కొబ్బరినూనె మన దిక్కు అలవాటు గాని చలికాలం గడ్డ కడ్తది. తాళం ఉన్న ఇనుప బీరువాల, తూటాలు వేరే అరల, చెవి పిల్లలకు తెల్వని తావుల.

తుపాకి మళ్లొచ్చిన సంబురంల గాల్లకు పేల్చే ఆలోచన చెయ్యకున్రి. పెండ్లి బరాత్ అయినా దసరా అయినా 2019 సవరణ ప్రకారం 2 ఏండ్ల దాక జైలు, లక్ష దాక జరిమానా, లేకుంటే రెండూ. చేన్ల పందుల మీద కూడ అటవీ శాఖ పర్మిషన్ లేకుంట ఎత్తొద్దు.

ఎలక్షన్ నోటిఫికేషన్ వస్తే జమ చేసేముందు నూనె రాసి, గుడ్డ చుట్టి, రసీదుల నంబర్‌తో పాటు "పగుళ్లు లేవు" అని కూడ రాయించుకోవాలె, రైటర్ విసుక్కుంటడు, విసుక్కోనియ్యున్రి. కోడ్ ఎత్తేసినంక వాళ్లు ఫోన్ చేస్తరని కూసోవద్దు, మీరే పోవాలె.

మామకు 70 దాటినయి కాబట్టి రూల్ 25 కింద చిన్న కొడుకు పేరు మీదికి అప్లికేషన్ రాసి పెట్టినం, పిలగాని ట్రెయినింగ్ సర్టిఫికెట్ ఒక్కటే ఆగింది, అది రాంగనే ఆన్‌లైన్ల ఎక్కించుడే.